ఎనిమిదణాల రసీదు, తొంభై ఐదు లక్షల లెక్క

పోయిన నెల మా నాయన పెట్టె సర్దుతుంటే పాత పంచె మడతలో ఒక రసీదు దొరికింది. అరచేతిలో సగం కూడా లేని పసుపు కాగితం. పైన పార్టీ పేరు, పక్కన వరుస సంఖ్య, కింద మా ఊరి పేరు, నాయన పేరు, ఆ తరువాత "ఎన్నికల నిధికి అక్షరాలా ఎనిమిది అణాలు" అన్న మాట, వసూలు చేసినవారి సంతకం, 1957 ఫిబ్రవరి తేదీ. నయాపైసలు వచ్చింది ఆ ఏడాది ఏప్రిల్ 1న కాబట్టి అప్పటికి ఇంకా అణాలే. నాయనకు మూడెకరాల మెట్ట తప్ప మరో ఆధారం లేదు. చెనిక్కాయ పండిన ఏడు ఇంట్లో తిన్నాం, పండని ఏడు కూలికి పోయాం. అలాంటి మనిషి అర్ధ రూపాయి ఇచ్చి, దానికి రసీదు తీసుకుని, చనిపోయేదాకా దాచుకున్నాడు.

ఆ రసీదు చేతిలో ఉండగానే పండక్కి వచ్చిన మేనల్లుళ్ళిద్దరూ వసారాలో వాదించుకోవడం విన్నాను. ఓటుకు ఏ పార్టీ ఎంత ఇచ్చింది, ఏ వీధిలో ఎంత తగ్గించింది, మధ్యలో ఎవరు మింగారు అన్నదే వాదమంతా. "అదంతా సరే, ఆ డబ్బు యాడనుంచి వచ్చిందిరా?" అని అడిగాను. చిన్నవాడు నవ్వి, "మనకెందుకు మామా, యాడనుంచి వస్తేనేమి" అన్నాడు. ఈ పోస్టు వాడికి జవాబు. ఎదురుగా చెప్పబోతే ఫోన్ చూసుకుంటాడని ఇక్కడ రాస్తున్నాను.

1957లో అనంతపురం నుంచి లోక్‌సభకు గెలిచినవారు కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారు. అంతకు ఐదేళ్ళ ముందు, 1952లో, మద్రాసు శాసనసభకు ఇదే అనంతపురంలో నీలం సంజీవరెడ్డి గారిని ఓడించారు. సంజీవరెడ్డి గారు ఆయన తోబుట్టువును పెళ్ళాడిన స్వయానా బావ. ఆ బావ, బావమరుదుల పోటీని మా పెద్దలు భారత కథ చెప్పినట్టు చెప్పేవారు. ఆంధ్ర ప్రాంతంలో శాసనసభ ఎన్నికలు 1955లోనే అయిపోయినందువల్ల 1957లో మా జిల్లాలో జరిగింది ఒక్క పార్లమెంటు ఎన్నికే, అంటే ఢిల్లీకి పోయే మనిషి తన పేరు మీద, తన పార్టీ పేరు మీద విడిగా ఓటు అడగవలసి వచ్చింది. నాయన ఇచ్చిన ఎనిమిదణాలు ఆ ఎన్నికకే. తరువాత నాగిరెడ్డి గారు మళ్ళీ శాసనసభకు వచ్చారు, 1969లో ఆ సభ్యత్వాన్నీ వదిలేశారు, 1976లో ఎమర్జెన్సీ కాలంలో అజ్ఞాతంలోనే కన్నుమూశారు. ఆయన రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు, నాయనకు కూడా చివర్లో ఉండేది కాదు. అయినా ఆయన ఎవరి డబ్బుతో గెలిచారని అడిగితే మా ఇంట్లో చూపించడానికి ఒక కాగితం ఉంది.

పాత రోజులన్నీ బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నాగిరెడ్డి గారిదీ సంజీవరెడ్డి గారిదీ కూడా ఉన్న కుటుంబాలే. భూమి, కులం, బంధుత్వం, ఊరి పెద్ద మాట అప్పుడూ ఓట్లు వేయించేవి. కడపలో కమ్యూనిస్టు పార్టీ నుంచి ఎద్దుల ఈశ్వరరెడ్డి గారు 1952, 1962, 1967, 1971లలో నాలుగుసార్లు లోక్‌సభకు వెళ్ళారన్నా, 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్కటి నంద్యాలలో సంజీవరెడ్డి గారిదన్నా, వాటి వెనుక డబ్బు అసలు లేదని నేను అనలేను. కాకపోతే ఆ డబ్బు ఎంతో, ఎవరిదో ఊహించగలిగేంత చిన్న లోకం అది. తొలి సార్వత్రిక ఎన్నికల్లో చాలా రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 25,000 రూపాయలు.

ఇప్పుడు అది 95 లక్షలు. 2022 జనవరిలో 70 లక్షల నుంచి పెంచారు. పెద్ద మొత్తంలా వినిపిస్తుంది గాని లెక్క వేసి చూడండి. 2024లో మన రాష్ట్రంలో ఓటర్లు సుమారు 4.14 కోట్లు, లోక్‌సభ స్థానాలు 25. అంటే ఒక్కో స్థానానికి సగటున 16 లక్షల పైచిలుకు ఓటర్లు. 95 లక్షలను వాళ్ళకు పంచితే మనిషికి ఆరు రూపాయలు కూడా రాదు. మా సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక ప్లేటు ఉగ్గాని బజ్జీ డబ్బులకు ఐదారుగురు ఓటర్ల దగ్గరికి వెళ్ళి, కరపత్రం ఇచ్చి, మైకులో మాట్లాడి, దండం పెట్టి రావాలన్నమాట. ఒక్కో స్థానంలో సగటున 1,800 దాకా పోలింగ్ కేంద్రాలు ఉంటాయి. పోలింగ్ రోజు ఒక్కో కేంద్రంలో తన ఏజెంటు భోజనానికి, బల్లకు, ఆటోకు కలిపి వెయ్యి రూపాయలు ఇచ్చినా ఆ ఒక్క రోజుకే 18 లక్షలు. ఇక మిగతా నెలంతా? ఈ పరిమితిలోనే గెలిచామని గెలిచినవాళ్ళు రాసిస్తారు, రాసిచ్చింది మేము లెక్క చూస్తాం.

"మేము" అని ఎందుకన్నానంటే, 2019 ఎన్నికల్లో నేను ఖర్చుల లెక్కలు చూసే అకౌంటింగ్ బృందంలో పనిచేశాను. అప్పటికి రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉంది. అభ్యర్థి రాయవలసిన రిజిస్టరులో మూడు రంగుల పేజీలుంటాయి: రోజువారీ ఖర్చుకు తెలుపు, నగదుకు గులాబీ, బ్యాంకు లెక్కకు పసుపు. మా దగ్గర అదే అభ్యర్థి మీద విడిగా మేము రాసే షాడో రిజిస్టరు ఉంటుంది. వీడియో బృందం సభను చిత్రీకరించి తెస్తే, మేము తెర మీద కుర్చీలు లెక్కపెట్టి, షామియానాకు ఇంత, మైక్ సెట్టుకు ఇంత, ఫ్లెక్సీకి చదరపు అడుగు ఇంత అని ముందే ఖరారు చేసిన రేట్ల పట్టిక ప్రకారం ఖర్చు కట్టి, వాళ్ళ రిజిస్టరుతో పోల్చి తేడా రాస్తాం. ప్రచార కాలంలో మూడుసార్లు ఈ తనిఖీ జరుగుతుంది, పైన వ్యయ పరిశీలకుడు కూర్చుంటారు. పద్ధతిలో వంక పెట్టడానికి లేదు, పనిచేసినవాళ్ళు కూడా నిద్ర మానుకుని పనిచేశారు.

రెండో తనిఖీ రోజు ఒక అభ్యర్థి తరఫు ఏజెంటు వచ్చాడు. చక్కటి మనిషి, నాకంటే పదేళ్ళు చిన్నవాడు, సంచీ నిండా బిల్లులు. టీ కొట్టు బిల్లు, టెంట్ హౌస్ బిల్లు, డీజిల్ బిల్లు అన్నీ ఒకే నీలి సిరాతో, ఒకే చేతి రాతతో ఉన్నాయి. ఒక సభ వీడియోలో మేము మూడు వేల కుర్చీలు లెక్కపెట్టాం. ఆయన రిజిస్టరులో నాలుగు వందలు. తేడా చూపిస్తే మారుమాట లేకుండా "రాసుకోండి సార్, కలుపుతాం" అన్నాడు. ఎందుకంత తేలిగ్గా ఒప్పుకున్నాడో నాకు అర్థం కాలేదు. సంతకం పెట్టి సంచీ సర్దుకుంటూ మెల్లగా అన్నాడు: "కుర్చీలతో ఏం గెలుస్తాం సార్. మీరు చూసేది పగటి ఖర్చు. రాత్రి ఖర్చుకు రిజిస్టరు లేదు గదా."

ఆ రోజు నేను నవ్వాను. తేడాల పట్టిక నింపి సంతకం చేశాను, ఆ అభ్యర్థి లెక్క పరిమితి లోపలే ఉందని చెప్పే కాగితాల్లో నా సంతకం కూడా ఉంది. కాబట్టి ఇది నేను ఒడ్డున నిలబడి రాస్తున్నది కాదు.

రాత్రి ఖర్చు ఎవరు పెడతారన్నదే అసలు సంగతి. మన రాష్ట్రంలో లోక్‌సభకు, శాసనసభకు ఒకేసారి ఎన్నికలు జరుగుతాయి, ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు ఉంటాయి. అనంతపురం కింద రాయదుర్గం, ఉరవకొండ, గుంతకల్లు, తాడిపత్రి, శింగనమల, అనంతపురం అర్బన్, కళ్యాణదుర్గం. ఎంపీ టికెట్ కావాలన్నవాళ్ళను "ఏడింటికీ సర్దుతావా?" అని అడుగుతారని టీ కొట్టు దగ్గర కూర్చున్న ఎవరైనా చెబుతారు. నిజానిజాలు ఆ గదుల్లో కూర్చున్నవాళ్ళకు తెలియాలి గాని, ఏళ్ళ తరబడి పార్టీ జెండా మోసిన కార్యకర్త పేరు ఎమ్మెల్యే జాబితాలోనైనా అప్పుడప్పుడు కనబడుతుంది. ఎంపీ జాబితాకు వచ్చేసరికి కాంట్రాక్టరో, పరిశ్రమ యజమానో, కళాశాలల అధిపతో కనబడతాడు. ఆ పెద్దమనిషికి ఎంపీ పదవి అంటే ప్రజాసేవ అని నమ్మడానికి నేను సిద్ధమే. ఏడు నియోజకవర్గాలకు సర్దిన డబ్బు ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో, ఆయనకు సర్దినవాళ్ళకు రేపు ఢిల్లీలో ఏ బిల్లుతో, ఏ టెండరుతో, ఏ అనుమతితో పని పడుతుందో చెబితే చాలు.

చెప్పాల్సిన అవసరం లేకుండా చట్టమే దారులు తీసిపెట్టింది. పార్టీ గాని, స్నేహితులు గాని తన కోసం పెట్టిన ఖర్చు అభ్యర్థికి తెలిసి జరిగితే అది కూడా అతని లెక్కలోకే వస్తుందని సుప్రీంకోర్టు 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో చెప్పింది. ఆ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే ఆర్డినెన్సు తెచ్చి, ఆ ఖర్చు లెక్కలోకి రాదని చట్టానికి వివరణ తగిలించారు. 2003లో ఆ వివరణను కుదించి ప్రధానంగా స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చుకు పరిమితం చేశారు గాని, పార్టీ మొత్తంగా ఎంత ఖర్చు పెట్టవచ్చన్న దానికి నేటికీ పరిమితి లేదు. అభ్యర్థి పేరు, బొమ్మ లేకుండా పార్టీ గుర్తును మాత్రమే ఊరూరా చాటితే అది ఏ అభ్యర్థి ఖాతాలోనూ పడదు. మా షాడో రిజిస్టరులో అలాంటి హోర్డింగులకు గడి కూడా లేదు. ఇక పార్టీకి ఇచ్చే విరాళం 20,000 రూపాయలు దాటితేనే ఇచ్చినవారి పేరు ఎన్నికల సంఘానికి చెప్పాలి. నాయన ఎనిమిదణాలకు రసీదు రాసిన దేశంలో, ఇప్పుడు 20,000 దాకా పేరు చెప్పనక్కర్లేదు. అసలు లెక్కే రాయకపోతే, 2024 దాకా అమల్లో ఉన్న పాత శిక్షాస్మృతిలో జరిమానా మహా అయితే 500 రూపాయలు. హెల్మెట్ లేకపోతే మాకు పడేది ఇంకా ఎక్కువ.

ఎన్నికల బాండ్ల సంగతి, అంటే ఇచ్చినవారి పేరు బయటికి రాకుండా స్టేట్ బ్యాంకులో కొని పార్టీలకు ఇచ్చే పత్రాల సంగతి, అందరికీ తెలుసు కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగను. 2018లో మొదలుపెట్టారు, అంతకు ముందే, 2017లో, కంపెనీలు తమ సగటు లాభంలో 7.5 శాతానికి మించి విరాళం ఇవ్వకూడదన్న హద్దును తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రెండింటినీ కొట్టేసింది. వెల్లడైన జాబితాలో బీజేపీకి 6,000 కోట్లకు పైగా, మన రాష్ట్రంలో వైసీపీకి సుమారు 337 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 219 కోట్లు వచ్చినట్టు తేలింది. ఇక్కడ రెండు వైపుల అభిమానులూ ఎదుటివాళ్ళ అంకె మాత్రమే షేర్ చేశారు. నాకు కడుపు మండింది మాత్రం వేరే చోట. కోర్టు ఆదేశం మేరకు స్టేట్ బ్యాంకు ఇచ్చిన ఆ జాబితా 2019 ఏప్రిల్ 12 నుంచి మొదలవుతుంది. మేము పోలింగ్ జరిపింది 2019 ఏప్రిల్ 11న. అంటే ఏ ఎన్నికలో నేను మూడు వారాలు తెర మీద కుర్చీలు లెక్కపెట్టానో, సరిగ్గా ఆ ఎన్నికకు ముందు కొన్న బాండ్లు, వాటిని కొన్నవారి పేర్లు ఆ జాబితాలో లేవు.

జనమే డబ్బు తీసుకుంటున్నప్పుడు నాయకులను అడిగే హక్కు ఎవరికి ఉందని ఈ మాట ఎత్తగానే ఒక స్నేహితుడు గద్దిస్తాడు. తీసుకోవడం తప్పే, నేరం కూడా. మా మేనల్లుడితోనూ అదే చెప్పాను. కానీ రెండు వేలు తీసుకున్న కూలి మనిషికి పోలీసు భయం ఉంది, ఊళ్ళో చెడ్డపేరు ఉంది, టీవీలో అతని చెయ్యి చూపిస్తారు. ఆ రెండు వేలను సంచుల్లో పంపినవాడి ముఖం ఒక్కసారైనా చూశామా? తీసుకున్నవాడి సిగ్గు గురించి మాత్రమే మాట్లాడుకుంటూ పోతే ఇచ్చినవాడు ఎప్పటికీ మర్యాదస్థుడిగానే మిగులుతాడు, మరుసటి నెల పార్లమెంటులో ప్రమాణం కూడా చేస్తాడు.

ఒక చిన్న నిబంధన చాలామందికి తెలియదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి తన లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్ళు పోటీకి అనర్హుడు కావచ్చు. ఆ లెక్కను ఎవరైనా, ఓటరైనా కాకపోయినా, చూడవచ్చు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం అందుకు రుసుము ఒక్క రూపాయి. రసీదు దొరికిన వారం తరువాత నేను ఒక కార్యాలయానికి వెళ్ళి, లోక్‌సభకు పోటీ చేసిన ఒకాయన లెక్క చూడాలని అర్జీ ఇచ్చాను. గెలిచారా, ఓడారా అన్నది ఇక్కడ అనవసరం. కాసేపు కూర్చోబెట్టి ఫైలు తెచ్చారు. సొంత డబ్బు ఎంతో రాసి ఉంది, పార్టీ ఇచ్చింది ఎంతో రాసి ఉంది. మూడో పట్టిక ఇతర వ్యక్తుల నుంచి, సంస్థల నుంచి అందిన విరాళాలది. పేరు, చిరునామా, మొత్తం, తేదీ, నగదా చెక్కా అని గడులు గీసి ఉన్నాయి. వాటన్నిటి మీదుగా ఏటవాలుగా ఒకే గీత గీసి, మధ్యలో "నిల్" అని రాశారు, నీలి సిరాతో.

నేను కట్టిన రూపాయికి రసీదు ఇవ్వమని అడిగాను. ఆ గుమాస్తా అమ్మాయి రెండు సొరుగులు వెతికి, "ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్" అని, రసీదు పుస్తకం ఎక్కడుందో కనుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.