గుండెకూ చోటివ్వాలి

రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనిపించలేదని వస్తే హెచ్ఐవీతో జీవిస్తున్న మనిషికి అంతకంటే మంచి వార్త ఉండదు. మందులు పనిచేస్తున్నాయి, వైరస్ తలెత్తడం లేదు, లైంగికంగా తన భాగస్వామికి సోకుతుందన్న భయమూ అక్కర్లేదు. 1987లో మొదటి మందు జిడోవుడిన్ వచ్చినప్పుడు ఇలాంటి రోజును ఊహించినవాళ్లు తక్కువ. 1996 నాటికి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక కథ మారింది. ఇవాళ ప్రపంచంలో సుమారు 4 కోట్ల మంది హెచ్ఐవీతో ఉంటే, 3 కోట్ల మందికి పైగా చికిత్సలో ఉన్నారు. వేళకు మాత్ర వేసుకుంటున్నవాళ్లు యాభై, అరవై, డెబ్బై ఏళ్లు దాటుతున్నారు. వైద్యం సాధించిన గొప్ప విజయాల్లో ఇదొకటి. అయితే ఆ ఒక్క రిపోర్టు చూసి డాక్టరూ రోగీ ఊపిరి పీల్చుకుంటే సరిపోదు. బీపీ చూడకుండా, కొలెస్ట్రాల్ అడగకుండా, సిగరెట్ ఊసెత్తకుండా పంపించేస్తే, వైరస్ నుంచి బయటపడిన ప్రాణం గుండెపోటుకు దొరికిపోవచ్చు.

ఇది లేనిపోని భయం కాదు. హెచ్ఐవీ ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం వచ్చే ముప్పు మిగతావారితో పోలిస్తే దాదాపు రెట్టింపని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. వైరస్ అణిగి ఉన్నా పూర్తిగా పోదు. కొన్ని కణాల్లో దాక్కునే ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ తొలి రోజుల్లోనే పేగు గోడ దెబ్బతింటుంది. అక్కడి నుంచి బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారుతూ ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి కాపలా దించదు. ఇన్‌ఫ్లమేషన్ అని డాక్టర్లు చెప్పే ఈ లోపలి మంట సన్నగా రగులుతూ రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. అక్కడ కొవ్వు పేరుకుని, ఆ పూడిక ఎప్పుడో ఒకప్పుడు చిట్లుతుంది. దీని వల్ల జ్వరం రాదు, నొప్పి ఉండదు. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలోనూ ఇది కనిపించదు.

మందుల పాత్ర కూడా కొంత ఉంది. ప్రొటియేజ్ ఇన్హిబిటర్లు అనే పాత రకం హెచ్ఐవీ మందులు రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును, కొలెస్ట్రాల్‌ను బాగా పెంచేవి. ఎఫావిరెంజ్ అనే మరో హెచ్ఐవీ మందు కూడా కొంత పెంచుతుంది. డోలుటెగ్రావిర్ వంటి కొత్త మందులు ఈ విషయంలో నయమే కానీ, కొందరిలో బరువు పెరుగుతోంది. అబాకవిర్ అనే హెచ్ఐవీ మందు వాడేవారిలో గుండెపోట్లు ఎక్కువగా ఉన్నాయని 2008లో ఒక పెద్ద అధ్యయనం చెప్పినప్పటి నుంచి దానిపై వాదన నడుస్తూనే ఉంది. గుండె ముప్పు ఉన్నవారికి వీలైతే వేరే మందు ఎంచుకోవాలన్నదే ఇప్పుడు వైద్యులు ఎక్కువగా చెప్పే మాట. ఇది చదివి ఎవరైనా తమ మాత్రలు ఆపేస్తారేమోనని మాకు టెన్షన్‌గా ఉంది. దయచేసి ఆపవద్దు. 5,472 మందితో జరిగిన స్మార్ట్ అనే పరీక్ష 2006లో ఆ సంగతి తేల్చేసింది. మందులు మధ్యమధ్యలో ఆపిన వారిలో మరణాలు పెరిగాయి, గుండె, కిడ్నీ, లివర్ జబ్బులూ పెరిగాయి. మందు మార్చాలంటే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవచ్చు, సొంతంగా మానేయడం మాత్రం గుండెకే చేటు.

ఇప్పుడు అసలు విషయం. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్లకే దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర అన్నది చాలాకాలంగా నడుస్తున్న అలవాటు. హెచ్ఐవీ ఉన్నవారి విషయంలో ఆ అలవాటు మార్చుకోవాల్సిన పరిస్థితిని రిప్రీవ్ అనే పరీక్ష తెచ్చింది. 12 దేశాల్లో, 40 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 7,769 మందిని తీసుకున్నారు. అందరూ హెచ్ఐవీ మందులు వాడుతున్నవారే. గుండె ముప్పు తక్కువ లేదా ఓ మోస్తరు అని లెక్క తేలినవారే. చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ వారిలో సగటున 108 దగ్గర ఉంది. అంటే మామూలుగా అయితే వీళ్లలో ఎక్కువ మందికి స్టాటిన్ రాసి ఉండేవారు కాదు. సగం మందికి రోజూ 4 మిల్లీగ్రాముల పిటావాస్టాటిన్ అనే స్టాటిన్, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సుమారు 5 ఏళ్లు గడిచేసరికి మందు వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఘటనలు 35 శాతం తక్కువగా ఉన్నాయి. ప్రయోజనం అంత స్పష్టంగా కనబడటంతో 2023లో పరీక్షను ముందుగానే ఆపేశారు.

35 శాతం అనగానే మందు అద్భుతం చేసిందనిపిస్తుంది. మరోలా చెప్పాలంటే, వెయ్యి మందిని ఏడాది పాటు చూస్తే ఉత్తుత్తి మాత్ర వారిలో 7 మందికి పైగా ఈ ఘటనల పాలవుతుంటే, మందు వారిలో 5 కంటే కాస్త తక్కువ మంది. తేడా ఒకరికి చిన్నదే. లక్షల మందికి అన్వయిస్తే అది చాలా కుటుంబాల సంగతి. ఇబ్బందులూ ఉన్నాయి. కండరాల నొప్పులు మందు వారిలో 2.4 శాతానికి, మిగతావారిలో 1.4 శాతానికి కనిపించాయి. కొత్తగా షుగర్ వచ్చినవారు 5.3 శాతం, 4 శాతం. ఈ అంకెలు రోగి ముందు పెట్టి మాట్లాడాలి. మేము మాత్రం ఆ తూకం మందు వైపే మొగ్గుతోందని నమ్ముతున్నాం. బ్రిటన్‌లోని హెచ్ఐవీ వైద్యుల సంఘం 40 దాటిన వారందరికీ స్టాటిన్ ఇవ్వజూపాలని చెప్పేసింది. అమెరికా నిపుణులు 2024లో, పదేళ్లలో గుండె ముప్పు 5 శాతం దాటుతుందని లెక్క తేలితే రాయమన్నారు. అంతకంటే తక్కువుంటే రోగితో చర్చించి నిర్ణయించమన్నారు.

ఆ లెక్క కట్టే పద్ధతులతోనూ చిక్కుంది. అవి హెచ్ఐవీ లేనివారి సమాచారంతో తయారైనవి. రిప్రీవ్‌లో సంపన్న దేశాల మహిళల విషయానికొస్తే, లెక్క చెప్పినదాని కంటే ఎక్కువ మందికి గుండె జబ్బు వచ్చింది. ఆడవాళ్లకు ఆయాసమో ఛాతీలో బరువో ఉందంటే ఆందోళన అని తేల్చి పంపేసే ధోరణి ఎలాగూ ఉంది. దానికి ఈ తక్కువ అంకె కూడా తోడైతే వాళ్లకు మందు అందేదెప్పుడు?

అన్నిటికంటే మమ్మల్ని కలవరపెడుతున్నది రెండు చీటీల సమస్య. హెచ్ఐవీ మందులు ఒకచోట, గుండె డాక్టరు ఇంకోచోట. మధ్యలో రోగి మోసే రహస్యం. తన గురించి తెలిస్తే ఎలా చూస్తారో అన్న భయంతో గుండె డాక్టరు దగ్గర చాలామంది హెచ్ఐవీ మాత్రల పేరెత్తరు. ఆ మౌనం ప్రాణం మీదికి రావచ్చు. కొన్ని హెచ్ఐవీ మందుల బలం పెంచడానికి కలిపే రిటోనావిర్, కోబిసిస్టాట్ ఉన్న మాత్రలు వాడుతున్నవారికి సిమ్‌వాస్టాటిన్ గానీ లోవాస్టాటిన్ గానీ ఇవ్వకూడదు. లివర్ ఆ స్టాటిన్‌ను విరగ్గొట్టలేక రక్తంలో దాని మోతాదు విపరీతంగా పెరుగుతుంది. కండరాలు కరిగి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఇచ్చినా మోతాదు తగ్గించి జాగ్రత్తగా ఇవ్వాలి. పిటావాస్టాటిన్‌కు ఈ పేచీ దాదాపు లేదు. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ కూడా రిటోనావిర్, కోబిసిస్టాట్‌లతో కలిస్తే సరిగా పనిచేయకపోవచ్చు. చెప్పుకోలేని పరిస్థితిని సృష్టించినవాళ్లం మనమే కాబట్టి తప్పు రోగిది అనలేం.

అందుకే స్టాటిన్ రాయాల్సింది హెచ్ఐవీ క్లినిక్‌లోనే అని మా వాదన. రోగి ఏ మందులో ఉన్నాడో తెలిసింది అక్కడే. భయం లేకుండా మాట్లాడేదీ అక్కడే. రెండో చోటుకు పంపితే సగం మంది దారిలోనే ఆగిపోతారేమో అన్న బెంగా ఉండదు. స్టాటిన్‌తోనే పని అయిపోదు. వచ్చిన ప్రతిసారీ బీపీ చూడాలి, పొగ తాగడం గురించి తిట్టకుండా అడగాలి, మానడానికి చేయూతనివ్వాలి. మందులు సక్రమంగా వాడుతున్నవారిలో వైరస్ కంటే సిగరెట్టే ఎక్కువ ఏళ్ల ఆయుష్షు తినేస్తోందని పరిశోధనలు చెప్పాయి. 40 దాటనివారిపై రిప్రీవ్ జరగలేదు, కానీ బీపీకి, పొగకు వయసు అడ్డం రాదు.

ఐక్యరాజ్యసమితి పెట్టిన 95-95-95 లక్ష్యం అందరికీ తెలుసు. నూటికి 95 మందికి తమ స్థితి తెలియాలి, వారిలో 95 శాతం చికిత్సలో ఉండాలి, వారిలో 95 శాతానికి వైరస్ అణగాలి. ఈ మూడు అంకెల్లో గుండె లేదు. లెక్కలోకి రానిదాన్ని ఏ సిబ్బందీ వెంటపడి చూడరు. క్లినిక్ రిజిస్టరులో వైరల్ లోడ్ గడి పక్కనే బీపీ, ఎల్‌డీఎల్, పొగ, స్టాటిన్ మొదలుపెట్టిన తేదీ అని నాలుగు గడులు గీయాలని కార్యక్రమాలు నడిపేవారిని కోరుతున్నాం. వచ్చే సమీక్షలో ఆ గడులు ఎన్ని నిండాయో అడగాలి.