‘ఇంకొంచెం’ గారికి ఒక ఉత్తరం

శ్రీ ‘ఇంకొంచెం’ గారికి,
కేరాఫ్ గోదావరి జిల్లాల వంటిళ్ళు.

నమస్కారమండీ. 2022లో మా జిల్లాలని విడగొట్టినప్పుడు మీ పరిధి కూడా కాస్త తగ్గుతుందేమోనని ఆశపడ్డాను. ఏం తగ్గలేదు. పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీదున్న మా ఇంటి నుంచి అమలాపురం పెళ్ళిళ్ళ దాకా, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పడుతూనే ఉంది. మనుషుల సంగతి ఎత్తను. మా మావయ్యగారికి షుగరొచ్చి పద్నాలుగేళ్ళయింది. అందులో మీ వాటా ఎంతో ఆయనకీ మీకూ తెలుసు. నేను రాస్తున్నది బాబ్జీ గురించి.

బాబ్జీ మా పిల్లి. వయసు తొమ్మిదేళ్ళు, బరువు ఏడు కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాక అరుగు దిగడం మానేశాడు, భోజనానికి తప్ప. పొద్దున్నే మా అత్తయ్యగారి చేతి మీగడ పెరుగన్నం. పదింటికి పక్కింటి పిన్నిగారి పాలు. మధ్యాహ్నం ఎదురింటి వదినగారింట్లో చేపల పులుసు కలిపిన అన్నం. వాడు తిండిపోతు కాదండీ, మొహమాటస్థుడు. మీరు ప్రతి గుమ్మంలోనూ నిలబడి పిలుస్తుంటే కాదనలేకపోయాడు.

కిందటేడు వాడు కుళాయి దగ్గర గోలెం ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాడు. తాగిందంతా మా పెరటి ఇసకలో చెరువు కట్టేది. అంత తిన్నా వీపు మీద ఎముకలు తేలాయి. వెనక కాళ్ళ మడమలు నేలకానించి, మోకాళ్ళ నొప్పుల మావయ్యగారిలా నడవసాగాడు. అత్తయ్య దిష్టి తీసి, ‘నీరసంగా ఉన్నాడు, ఇంకొంచెం పెట్టు’ అన్నారు. చూశారా, అప్పుడు కూడా మీరే.

భీమవరంలో పశువుల డాక్టరుగారు షుగర్ అని తేల్చారు. భయానికి పిల్లుల రక్తంలో చక్కెర ఇట్టే పెరిగిపోతుందట. అందుకని ఆ ఒక్క నంబరు నమ్మకుండా, గత రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమీన్ పరీక్ష కూడా చేయించారు. రోజూ షుగర్ చూసుకోవడం మాత్రం ఇంట్లోనే మేలన్నారు. పొద్దునా రాత్రీ పన్నెండు గంటల తేడాతో ఒక్కో యూనిట్ ఇన్సులిన్. అన్నం బంద్, పాలు బంద్, గింజల్లాంటి పొడి మేత బంద్, అందులో పిండి పదార్థం ఎక్కువట. డబ్బాలో వచ్చే తడి మేత పెట్టమన్నారు. మా వీధిలో ఇది కర్ఫ్యూ కంటే పెద్ద వార్త.

మందుల షాపులో కుర్రాడు చీటీ చూసి, ‘పేషెంటు పేరండీ?’ అన్నాడు. బాబ్జీ అన్నాను. ‘వయసు?’ తొమ్మిది. ‘అయ్యబాబోయ్, చిన్నపిల్లాడికి అప్పుడే షుగరాండీ!’ అని కళ్ళు చెమర్చుకున్నాడు. పిల్లి అని చెప్పే ధైర్యం రాలేదు. మా ఇన్సులిన్ సీసా మిల్లీలీటరుకి 100 యూనిట్లది కాబట్టి నారింజ మూత సిరంజీ ఇచ్చాడు. ఎర్ర మూతది 40 యూనిట్ల సీసాకి; అది తెచ్చుకుని ఇందులో ముంచితే లెక్క రెండున్నర రెట్లు తప్పుతుంది. ఆ సీసా ఇప్పుడు మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనే కాపురం ఉంటోంది. ఇద్దరూ మాట్లాడుకోరు.

ఇక షుగర్ చూడ్డానికి రక్తం చుక్క తీసే చెవి దగ్గరికి వద్దాం. వేడి నీళ్ళలో పిండిన చేతి రుమాలు చెవికి కాసేపు ఆనిస్తాను. మావయ్యగారు వెనక నుంచి ఫోన్ టార్చ్ వేస్తే చెవి అంచున సన్నటి నరం ఎర్రగా కనబడుతుంది. అక్కడ పిసరంత వ్యాజిలైన్ రాస్తే రక్తం బొచ్చులోకి పాకకుండా చుక్కగా నిలుస్తుంది. చెవి వెనక దూది పెట్టుకోవాలి, లేదంటే సూది అటు దిగి నా వేలి షుగర్ తెలుస్తుంది (ఒకసారి తెలిసింది, ఆ సంగతి మనలో మనకి). ఆవగింజంత చుక్క, మీటరు స్ట్రిప్ అంచు తాకగానే లోపలికి లాక్కుంటుంది. ఐదు, నాలుగు, మూడు... బాబ్జీ నా వంక చూసే చూపు అప్పులవాడు చూసే చూపు.

మీటరు మావయ్యగారిదే. మనుషుల మీటరు పిల్లి రక్తంలో అసలు కంటే కాస్త తక్కువ చూపిస్తుందట, అది మనసులో ఉంచుకుని చదవాలి. దానికి మర్యాద అస్సలు తెలియదండీ. ఒక సాయంత్రం 412 చూపించింది. వీధిలో విచారణ చేస్తే పిన్నిగారు తల వంచుకున్నారు. ఆత్రేయపురం నుంచి చుట్టాలు పూతరేకులు తెచ్చారట. ‘పాపం, తీపంటే వాడికి ప్రాణం కదమ్మా, ఇంకొంచెమే’ అన్నారు. అసలు పిల్లి నాలుక్కి తీపి తెలియదు! తీపిని పట్టే జన్యువు వాటిలో పనిచెయ్యదు. వాడు నాకింది నెయ్యి, దాంతోపాటు కడుపులోకి పోయింది బియ్యప్పిండీ పంచదారానూ. రుచైనా తెలియని తీపికి రోగం అనుభవించేవాడు లోకంలో మా బాబ్జీ ఒక్కడే అనుకుంటాను.

ఇంతవరకూ మిమ్మల్నే తిట్టాను. ఇప్పుడు చెప్పేది మీరెవరికీ చెప్పొద్దు.

శ్రావణమాసంలో ఒక రాత్రి మీటరు 390 అంది. నాకు ఒళ్ళు మండింది. డాక్టరుగారు చెప్పింది ఒక యూనిట్. సిరంజీ పట్టుకున్నాక చేతిలోకి మీరొచ్చారు. ఇంకొంచెం అనుకున్నాను. ఇంకో గీత లాగాను. పదిన్నరకి వాడు గడప దగ్గర తూలి గోడకి చేరబడ్డాడు, కళ్ళు ఎటో చూస్తున్నాయి. మీటరు 44. వణుకుతూ ఫోన్ చేస్తే డాక్టరుగారు వెంటనే చిగుళ్ళకి తేనె రాయమన్నారు. మింగగలిగితే తిండి పెట్టి, పావుగంటకోసారి చూస్తూ ఉండమన్నారు. పెరగకపోతే వెంటనే తీసుకురమ్మన్నారు. అత్తయ్య వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, తేనె వేలితో రాస్తూ, ‘ఇంకొంచెం నాన్నా, ఇంకొంచెం’ అంటూనే ఉన్నారు. 61 అయింది. ఆ తర్వాత 97. తొమ్మిదేళ్ళలో మిమ్మల్ని వాడు ఏనాడూ కాదనలేదు, ఆ రాత్రీ కాదనలేదు.

మర్నాడు డాక్టరుగారు పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. ఒక్క నంబరు చూసి డోసు ముట్టుకోవద్దన్నారు. పన్నెండు గంటలపాటు రెండేసి గంటలకోసారి చూసి, కాగితం మీద గీసి తెమ్మన్నారు. ఆ గీత పొద్దున గోదావరిలా నిండుగా మొదలై, మధ్యాహ్నానికి వేసవి కాలవలా అడుగంటి, సాయంత్రానికి మళ్ళీ నిండింది. దాన్ని చూసే డోసు వేస్తున్నారిప్పుడు. నెల కిందట సగం యూనిట్‌కి దించారు. ఇలాగే ఉంటే కొన్ని పిల్లులకి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుందట, మా వాడికీ ఆశ ఉందన్నారు.

అత్తయ్య అంతా శ్రద్ధగా విన్నారు. విని, ‘అయితే డాక్టరుగారూ, అప్పుడు పెరుగన్నం కొంచెం...’ అన్నారు.

ఇట్లు,
నారింజ మూత సిరంజీతో,
బాబ్జీ తాలూకు.

తా.క.: ఇవాళ రాత్రి 138. పిన్నిగారు కిటికీలోంచి అడిగారు, ‘ఎంతొచ్చిందమ్మా?’ అని. చెప్పాను. ఆవిడ చేతిలో గిన్నె ఉంది.