160 ఎకరాలు, ఒక కంచె, రెండు తాళ్లు

మోడరన్ డాన్స్ నాకు అర్థం కాదని మా ఇంట్లో ఒక అపోహ ఉంది. అమెరికన్ నర్తకి మార్తా గ్రాహం చేసిన ‘ఫ్రాంటియర్’ అనే నాట్యం రికార్డింగు చూశాక అది పటాపంచలైంది. మొదటి నిమిషంలోనే గ్రహించాను: ఇది లేఅవుట్.

స్టేజీ వెనక భాగంలో చిన్న కంచె ముక్క. అక్కణ్ణుంచి రెండు తాళ్లు పైకి, చెరో మూలకీ లాగి కట్టారు. సెట్టంతా అదే. పొడుగు గౌను వేసుకున్న ఒకావిడ కంచె మీద కాలేసి దూరంగా చూస్తుంటుంది. ఆ చూపు నేనెరుగుదును. ఆదివారం కంపెనీ వాళ్ల కారులో వెళ్లి, తుమ్మచెట్ల మధ్య నిలబడి, ‘ఇక్కడ హాలు, ఈశాన్యంలో పూజగది’ అనుకునేవాళ్ల చూపది. కాసేపటికి ఆవిడ కంచె వదిలి, చిట్టి చిట్టి అడుగులతో నేల మీద గళ్లు గీసినట్టు తిరుగుతుంది. ఆత్మ విస్తరిస్తోందంటారు కళాకోవిదులు. టేపు మర్చిపోయిన రోజు మా బ్రోకరు కూడా ఇలాగే విస్తరిస్తాడు.

అయితే ఒక లోపం. మన దస్తావేజుల్లో చెక్కుబందీ అని ఉంటుంది: తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర పంటకాలువ. ఈ నాట్యానికి నాలుగు దిక్కులా ఎవరూ లేరు. ఆకాశం ఉంది, ఆవిడ ఉంది. పక్కవాడు లేని స్థలం భూమ్మీద ఉంటుందా? అందుకే ఇది సోలో అయింది. రెండో మనిషి స్టేజీ ఎక్కితే డాన్స్ కాదు, పార్టిషన్ దావా అవుతుంది.

నిజానికి పక్కవాళ్లు ఉండేవాళ్లే. అమెరికాలో 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద, పడమటి మైదానాల్లో ఐదేళ్లు కాపురముండి సాగు చేసినవాడికి 160 ఎకరాలు దాదాపు ఉచితంగా రాసిచ్చారు. ఆ మైదానాల్లో తరతరాలుగా తిరిగిన లకోటా, షయెన్ మూలవాసులు మాత్రం లింక్ డాక్యుమెంట్లు చూపించలేకపోయారు. 1890 నాటికి వలసవాళ్ల కాపురాలు ఆగే సరిహద్దు గీతంటూ (ఫ్రాంటియరంటే అదే) ఇక మిగల్లేదని జనాభా లెక్కలవాళ్లు తేల్చారు. మన భాషలో, ప్లాట్లన్నీ సోల్డ్ అవుట్. ‘ఫ్రాంటియర్’ తర్వాత మూడేళ్లకు, 1938లో ‘అమెరికన్ డాక్యుమెంట్’ చేసినప్పుడు గ్రాహం ఆ మూలవాసుల్నీ తలచుకుంది, ఈసారి బృందంతో. అసలు హక్కుదారులు రిజిస్ట్రేషన్ అయ్యాకే గుర్తొస్తారు, ఎక్కడైనా రివాజే.

ఇక ముహూర్తం. ‘ఫ్రాంటియర్’ న్యూయార్కులో తొలిసారి ఆడింది 1935 ఏప్రిల్ 28న. సరిగ్గా రెండు వారాల ముందు, 14న, అవే మైదానాల్లో పట్టపగలు చీకటి కమ్మేంత దుమ్ము తుఫాను లేచింది. జనం దాన్ని నల్ల ఆదివారం అన్నారు. గడ్డి నేలని దున్ని దున్ని వదిలితే, కరువులో పైమట్టి ఎగిరిపోయింది. ఇటు స్టేజీ మీద ఆవిడ భూమిని చూసి మురుస్తోంది, అటు భూమి రాష్ట్రాలు దాటుతోంది. స్థిరాస్తి ఇంత చక్కగా చరాస్తి అయిన సందర్భం నేనింకోటి ఎరగను.

ఆ కంచె, తాళ్లు అమర్చింది ఇసాము నోగూచి. లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు, తండ్రి జపాన్ కవి. 1942లో పడమటి తీరంలోని జపాన్ మూలాలవాళ్లని నిర్బంధ శిబిరాలకు తరలించారు. న్యూయార్కువాసి కాబట్టి ఆయన వెళ్లనక్కర్లేదు. అయినా అక్కడి బతుకు కాస్త బాగుచేద్దామని అరిజోనాలోని పోస్టన్ శిబిరానికి తనంతట తానే వెళ్లాడు. వెళ్లడం సులువే, బయటికి రావడానికి నెలలు పట్టింది. ఆ శిబిరం కట్టింది మూలవాసుల రిజర్వేషన్ భూమిలో, వాళ్ల మండలి వద్దంటున్నా. చెక్కుబందీలో పేర్లన్నీ చేరాయి, పాతికేళ్ల ఈసీ తీసినట్టు.

మొన్న డాలస్ నుంచి మా అన్నయ్య కొడుకు ఫోటో పంపాడు. కొత్త ఇల్లు, పెరట్లో చెక్క కంచె, దాని అడుగు పట్టీ మీద కాలేసి దూరంగా చూస్తున్నాడు. ముప్పై ఏళ్ల లోను. కంచెకి ఏ రంగు వేయాలో కాలనీ అసోసియేషన్ ఉత్తరం కూడా వచ్చిందట. కాలు మాత్రం అచ్చం గ్రాహంలాగే పెట్టాడు.

‘కంచెకి అవతల ఏముందిరా?’ అని అడిగాను.

‘ఏమీ లేదు బాబాయ్, అంతా ఖాళీయే’ అన్నాడు.