పొయ్యి ఒక్కటే మారిస్తే పొగ పోతుందా?

అమెరికాలోని వెర్మాంట్‌లో ఉండే మా తమ్ముడు పోయిన చలికాలానికి ముందు హాల్లో ఒక గోడ మొత్తం విప్పించాడు. 1980లలో కట్టిన ఇల్లు అది. ఆ గోడలో ఫ్యాక్టరీలో తయారై వచ్చి బిగించిన ఫైర్‌ప్లేస్ ఉండేది. చూడటానికి ఇటుక పనిలాగే ఉంటుంది. తట్టి చూస్తే రేకు. దాన్ని తీసేసి కట్టెలతో మండే ఇనుప స్టవ్ పెట్టించాడు. ఫోనులో చూపిస్తూ, "అన్నా, రాత్రి పదింటికి నాలుగు మొద్దులు వేస్తే తెల్లారి ఆరింటికి కూడా నిప్పు ఉంటోంది" అన్నాడు. తిరుపతిలో ఫ్యాను కింద కూర్చుని చలిమంట గొప్పతనం వినడం ఎవరికైనా కాస్త కష్టమే. కానీ వాడు చివర్లో అన్న మాట దగ్గర ఆగిపోయాను: "బయటికెళ్లి చూస్తే గొట్టం నుంచి పొగే కనిపించదు."

ఆ వారమే పాకాల దగ్గరి మా ఊరికి వెళ్లాను. తెల్లవారుజామున పెరట్లో అమ్మ నీళ్ల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతోంది. అండా కింద మామిడి కొమ్మలు. ఒక కొమ్మ తెగిన చివర నుంచి నురగ బుసబుసమంటూ కారుతోంది. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది, సిలిండరూ నిండుగానే ఉంది. అదే అడిగితే, "స్నానాలకు గ్యాస్ తగలేస్తామా?" అంది పైటచెంగుతో కళ్లు తుడుచుకుంటూ.

అమ్మ అన్నది పొదుపు మాట. లెక్క వేస్తే నిజం కూడా. మనిషికి ఒక బకెట్, అంటే ఇరవై లీటర్ల నీళ్లు, ఇరవై డిగ్రీలు వెచ్చబడాలంటే 400 కిలో కెలరీలు కావాలి. నలుగురున్న ఇంటికి రోజుకు 1,600. గ్యాస్ కిలోకు దాదాపు 11,000 కిలో కెలరీలు ఇస్తుంది. అందులో అరవై శాతం నీళ్లకు అందిందనుకున్నా రోజుకు పావుకిలో గ్యాస్ అవుతుంది. 14.2 కిలోల సిలిండరు రెండు నెలలు రాదు. ఏడాదికి ఆరు సిలిండర్లు ఒక్క స్నానాలకే! 2024 నవంబరులో మొదలైన దీపం-2 పథకం కింద ఏడాదికి ఉచితంగా వచ్చేవి మూడు. అన్నం, కూర, టీ ఇంకా లెక్కలోకి రానే లేదు.

అందుకే గ్యాస్ కనెక్షన్ వచ్చిన ఇంట్లో కట్టెల పొయ్యి ఆరిపోలేదు, వంటింటి నుంచి పెరట్లోకి జరిగింది. 1999లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. రెండూ మంచి పనులే, పొయ్యి ముందు కూర్చున్న తల్లి కొడుకుగా ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ ఈ పథకాలన్నీ ఎన్ని కనెక్షన్లు ఇచ్చామో లెక్కపెడతాయి. ఆ ఇంటి పెరట్లో ఇంకా ఎన్ని కట్టెలు, ఎలా మండుతున్నాయో అడగవు. కట్టెకు కాలం చెల్లిందని మనకు మనమే తీర్మానించుకుని, దాన్ని సరిగా మండించే ఆలోచననే మానేశాం.

మళ్లీ తమ్ముడి గోడ దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు పాఠం అక్కడుంది. వాడి మొదటి ఆలోచన చవకైనది: పాత ఫైర్‌ప్లేస్ నోట్లోకే కొత్త స్టవ్‌ను తోసేస్తే పోతుంది కదా అని. చూడటానికి వచ్చిన పనివాడు టార్చి వేసి రేకు పెట్టె లోపలి అంచున రివెట్లతో బిగించిన చిన్న పలకను చదివి, కుదరదన్నాడు. అలాంటి ఫైర్‌ప్లేస్, దాని గొట్టం కలిపి ఒకే సరుకుగా పరీక్షకు వెళ్తాయి. లోపల ఏది పెట్టవచ్చో ఆ పలక మీదే రాసి ఉంటుంది, రాయనిది పెట్టకూడదు. ఆ పెట్టె చుట్టూ ఉన్న సందుల్లో గాలి తిరుగుతూ దాన్ని చల్లబరుస్తుంది కాబట్టే గోడ లోపలి కర్ర చట్రానికి అంత దగ్గరగా బిగించనిస్తారు. దాన్ని తెరిచి ఉన్న మంట కోసం చేశారు. తెరిచిన మంట గది గాలిని విపరీతంగా లాగుతుంది, ఆ గాలితో గొట్టంలో వేడి పలచబడుతుంది. మూసిన స్టవ్ సంగతి వేరు. దాని గొట్టంలో పేరుకున్న మసి ఎప్పుడైనా అంటుకుంటే పుట్టే వేడి చాలా ఎక్కువ. అందుకని 1,100 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని కొన్ని నిమిషాల పాటు ఓర్చుకునేలా పరీక్షించిన గొట్టమే దానికి వేయాలి. గోడలో సంవత్సరాల తరబడి వేడి తగిలిన కర్ర మామూలు కర్ర కంటే తక్కువ వేడికే అంటుకుంటుందన్నది ఇంకో భయం.

కాబట్టి పెట్టె పోయింది, గొట్టం పోయింది, గోడ పోయింది. కొత్త గొట్టం కప్పును చీల్చుకుని వెళ్లే చోటు నుంచి కనీసం మూడడుగులు పైకి లేవాలి, పది అడుగుల లోపు ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తుండాలి. ఈ కొలతలు వాడు పద్యంలా అప్పజెప్పాడు. ఖర్చు ఎంతైందో మాత్రం చెప్పలేదు. మా మరదలి ముఖం చూస్తే అర్థమైంది.

ఇంత తతంగం ఎందుకంటే, తెరిచిన ఫైర్‌ప్లేస్‌లో కట్టె ఇచ్చే వేడిలో పదో వంతు గదికి అందడమే గొప్ప. మిగిలినది పొగతోపాటు ఆకాశంలోకి పోతుంది, గదిలో అప్పటికే ఉన్న వెచ్చటి గాలినీ వెంట తీసుకుపోతుంది. మంచి స్టవ్‌లో ఏడు వంతులకు పైగా గదిలోనే ఉంటుంది. మాయ ఏమీ లేదు. పొగ అంటే మండకుండా మిగిలిపోయిన కట్టే. సుమారు 600 డిగ్రీల వేడి ఉన్న చోట ఆ పొగకు ఇంకాస్త వేడి గాలి తగిలిస్తే అది కూడా మండుతుంది. స్టవ్ లోపలి పై భాగంలో ఉన్న రంధ్రాల గొట్టాల పని అదే. అద్దంలోంచి చూస్తే కట్టెకు జానెడు పైన, శూన్యంలో వేలాడుతున్నట్టు మంట కనిపిస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి స్టవ్‌ల పొగకు మొదట 1988లో హద్దు పెట్టింది, 2015లో మరింత బిగించింది. 2020 మే నుంచి గంటకు రెండు గ్రాములకు మించి పొగకణాలు వదిలే కొత్త స్టవ్‌ను అక్కడ అమ్మకూడదు. దుంగలతో చేసే ఇంకో రకం పరీక్షకైతే రెండున్నర గ్రాములు. తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్‌లకు ఈ హద్దు వర్తించదన్నది వేరే వింత. అమెరికావాళ్లు చేసేదంతా నిక్కచ్చిగా ఉంటుందని అనుకోవద్దు.

ఇక్కడ కూడా ఈ ఆలోచన లేకపోలేదు. 1950ల్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాశాలలో ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించారు. 1980ల్లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టి, 2002లో ముగించేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. మా ఊళ్లోనూ కొన్ని వేశారు. మా పక్కింటి పొయ్యి నాకు బాగా గుర్తు. సిమెంటు గొట్టం గోడలోంచి బయటికి వచ్చి, కప్పు అంచు దాకా కూడా లేవకుండా సగంలోనే ఆగింది. గాలి ఎదురు తిరిగిన రోజు పొగ అదే గొట్టంలోంచి వంటింట్లోకి వెనక్కి వచ్చేది. రెండో ఏడాదికి లోపల మసి గడ్డకట్టి గొట్టం మూసుకుపోయింది. దాన్ని దులపాలని ఆ ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు, దులపడానికి బుర్రుసూ ఇవ్వలేదు. పాత మిద్దె ఇంట్లో గవాక్షం ఇంతకంటే నయం అనుకుంటూ ఆ పొయ్యి మీద ఊరగాయ జాడీలు పెట్టుకున్నారు.

ఒడిశాలో ఇలాంటి పొయ్యిల మీదే ఎస్తేర్ డుఫ్లో, రెమా హన్నా, మైఖేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు నాలుగేళ్లు పరిశీలన చేసి 2012లో ఫలితాలు వెల్లడించారు. మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత తేడా కనిపించకుండా పోయింది. పొయ్యిలకు మరమ్మతులు లేవు, వాడకం సన్నగిల్లింది. దీన్ని చూసి మెరుగైన పొయ్యిలన్నీ దండగ అని తేల్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పొయ్యి, గొట్టం, ఎండిన కట్టె... ఈ మూడూ కలిస్తేనే ఒక యంత్రం. మనం మూడింట ఒకటి పంచి, మిగతా రెండూ జనమే చూసుకుంటారనుకున్నాం. చక్రం ఒకటే ఇచ్చి బండి నడవలేదంటే ఎలా?

భారతీయ ప్రమాణాల సంస్థ 2013లో కట్టెల పొయ్యిల ప్రమాణాన్ని సవరించింది. దాని ప్రకారం ఫ్యాను లేని పొయ్యి కట్టెలోని వేడిలో కనీసం 25 శాతాన్ని, ఫ్యాను ఉన్నది 35 శాతాన్ని గిన్నెకు అందించాలి. వదిలే పొగకూ హద్దులున్నాయి. అయితే అది మోసుకుపోగలిగే పొయ్యిలకు సంబంధించినది. మేస్త్రీ కట్టిన పొయ్యిని, మా అమ్మ మూడు రాళ్లను, హోటలు వెనకాల ఇటుకల వరసను అది అడగదు.

హోటళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. తిరుపతి నుంచి ఏ వైపు బయల్దేరినా "కట్టెల పొయ్యి మీద వండిన" అన్న బోర్డులు పెరిగాయి. రుచి సంగతి నేను కాదనను, రెండుసార్లు తిన్నాను కూడా. రెండోసారి చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే, రేకుల షెడ్డులో అడుగున్నర వెడల్పు డేగిశాల కింద మొద్దులు, పొగకు ఒకవైపు తెరిచిన గోడే దారి. వంటమనిషి కళ్లు ఎర్రగా, మెడకు తడి తువ్వాలు. ముందు హాల్లో ఏసీ. మన దగ్గర కట్టెల పొయ్యి ఇప్పుడు పేదరికానికీ గుర్తే, ఫ్యాషన్‌కూ గుర్తే. రెండు చోట్లా పొగ పీల్చేది మాత్రం ఒకే రకం మనిషి. అదే కొండ మీద చూడండి. శ్రీవారి పోటులో, అంటే గుడి వంటశాలలో, కట్టెలు పోయి గ్యాస్ వచ్చి దశాబ్దాలైంది. 2002లో అన్నదానం కోసం 106 సౌర అద్దాలతో ఆవిరి పుట్టించి, రోజుకు పదిహేను వేల మందికి వండే ఏర్పాటు చేశారు. కొండ మీద చేయగలిగిన ఆలోచన కొండ దిగేసరికి ఏమవుతుందో!

సౌర హీటరు పెట్టుకుంటే సరిపోదా అని అడగవచ్చు. పక్కా మిద్దె, పైన ట్యాంకు, ఒకేసారి పెట్టగల డబ్బు ఉన్నవాళ్లకు అంతకు మించింది లేదు. తిరుపతి ఎండకు కొదవా? కానీ మామిడి తోటల పల్లెల్లో కొమ్మలు ఊరికే దొరుకుతాయి. ఊరికే దొరికేదాన్ని వదిలి ఎవరూ కొనరు, వదలమని చెప్పడం కూడా నాకు న్యాయంగా తోచదు. అలాంటప్పుడు అడగాల్సింది, ఆ కొమ్మను ఎలా మండిస్తున్నారని.

మామిడి కొమ్మకు ఒక చిక్కుంది. తోతాపురి కోతలు జూన్, జూలైలో. కొమ్మలు కత్తిరించేది ఆ తర్వాత. అవి సగం ఆరేలోగా ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే. వేన్నీళ్లు కావాల్సిందీ సరిగ్గా అప్పుడే. అంటే కట్టె బాగా తడిగా ఉన్న నెలల్లోనే దాన్ని ఎక్కువగా కాలుస్తున్నాం. ఆగస్టులో కొట్టిన కొమ్మను చీల్చి, నేలకు జానెడు ఎత్తున పేర్చి, పైన రేకు కప్పి, వచ్చే ఎండాకాలం దాటాక వాడితే సంగతి వేరు. తమ్ముడు చేసేది ఇదే. మొద్దును అప్పటికప్పుడు చీల్చి, రెండు సూదులున్న చిన్న మీటరును లోపలి వైపు గుచ్చి చూస్తాడు. తేమ ఇరవై శాతం దాటితే మళ్లీ పేర్పులోకే.

లెక్క చెప్పాలంటే, మా అమ్మ పొయ్యిలో కట్టె వేడిలో పన్నెండు శాతం నీళ్లకు అందుతోందనుకుందాం. బాగా ఎండిన కట్టెతో కూడా నలుగురి స్నానాలకు నాలుగు కిలోలు పడుతుంది. గొట్టం చుట్టూ నీళ్లుండే బాయిలరులో ముప్పై శాతం అందితే కిలోన్నర చాలు. పచ్చికట్టె అయితే రెండింటికీ ఈ లెక్క తప్పుతుంది, ఎందుకంటే ముందు కట్టెలోని నీళ్లు కాగాలి, ఆ తర్వాతే అండాలోవి.

ఊరి నుంచి తిరిగొచ్చాక అమ్మ కోసం అలాంటి బాయిలరు ఒకటి చూశాను. కట్టెలు కూడా పంపుదామని తిరుపతిలో ఒక అడితికి వెళ్లి, బాగా ఎండినవి కావాలన్నాను. అక్కడ తమ్ముడు కట్టెలను ఘనపుటడుగుల్లో కొంటాడు. 128 ఘనపుటడుగుల పేర్పు ఒక కార్డు. పేర్పులో తడి ఉన్నా పొడి ఉన్నా చోటు దాదాపు అంతే, నీళ్లకు డబ్బులు కట్టే పని లేదు. ఇక్కడ కాటా. సగం తేమ ఉన్న క్వింటాల్ కట్టెలో యాభై కిలోలు నీళ్లే. ఇరవై శాతానికి ఎండినదానిలో ఇరవై. అడితి యజమాని నన్ను ఎగాదిగా చూసి, తెల్లవారుజామున లారీ దించిన తుమ్మ మొద్దుల మీద చెయ్యి వేశాడు. బెరడు చీలికలో ఇంకా జిగురు మెరుస్తోంది.

"ఆరు నెలలు ఎండబెడితే కాటా మీద తూగదు సార్. ఆ తగ్గిన బరువుకు నాకు డబ్బులు ఎవరిస్తారు?"

కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తానన్నాను. ఆలోచించి చెబుతానని నా నంబరు తీసుకున్నాడు.