టైటానియంలో ఆక్సిజన్ ఉంటే కల్తీయేనా?

“టైటానియంలో ఆక్సిజన్ ఉందంటే అది కల్తీ సరుకు. ఆక్సిజన్ ఎంత తక్కువైతే లోహం అంత బలం. ఆక్సిజన్ ఉన్న ఇంప్లాంట్ నోట్లో తుప్పు పడుతుంది.” వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఈ మెసేజ్ చదివి దవడలో టైటానియం ఇంప్లాంట్ వేయించుకుని దాని మీద కృత్రిమ పన్ను పెట్టించుకోబోయేవాళ్లు టెన్షన్ పడుతున్నారు. అందులోని మూడు మాటలూ తప్పే.

కల్తీ అన్న మాట మొదట చూద్దాం. శుద్ధ టైటానియాన్ని నాలుగు గ్రేడ్లుగా విడదీసేదే ప్రధానంగా ఆక్సిజన్. గ్రేడ్ 1లో గరిష్ఠంగా 0.18 శాతం, గ్రేడ్ 4లో 0.40 శాతం ఉండొచ్చు. పళ్ల ఇంప్లాంట్లకు విరివిగా వాడేది ఈ గ్రేడ్ 4నే.

తక్కువైతే బలం అన్నది పూర్తిగా తలకిందుల మాట. లోహం వంగాలంటే లోపలి పరమాణువుల వరుసలు ఒకదానిమీద ఒకటి జారాలి. చిన్నదైన ఆక్సిజన్ పరమాణువు టైటానియం పరమాణువుల మధ్య సందుల్లో దూరి ఆ జారుడుకు అడ్డుపడుతుంది. అందుకే ఇంప్లాంట్ ప్రమాణాల్లో కనీస యీల్డ్ బలం (లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) గ్రేడ్ 1కి 170 మెగాపాస్కల్ అయితే, గ్రేడ్ 4కి 483.

అలాగని ఎంతైనా ఉండొచ్చని కాదు. బలం పెరిగేకొద్దీ సాగే గుణం తగ్గుతుంది. విమానాల్లో వాడే టైటానియం–6 అల్యూమినియం–4 వెనేడియం మిశ్రమలోహంలో ఆక్సిజన్ హద్దు 0.20 శాతం. పగుళ్లను ఇంకా బాగా తట్టుకోవాల్సిన చోట కాస్త బలం వదులుకుని మరీ దాన్ని 0.13కి దించుతారు. అసలు ప్రమాదం వేడిలో ఉంది. గాలి తగిలేచోట 600 డిగ్రీలు దాటించి చాలాసేపు ఉంచితే ఆక్సిజన్ పైనుంచి లోపలికి ఇంకుతుంది. ఈ మిశ్రమలోహంలో పరమాణువులు రెండు రకాల అమరికల్లో ఉంటాయి, వాటినే ఆల్ఫా, బీటా దశలంటారు. ఆక్సిజన్ ఆల్ఫా దశకు కొమ్ముకాస్తుంది కాబట్టి అంచున బీటా దశ మిగలదు. అలాంటి ముక్కను కోసి, నునుపు చేసి, ఆమ్లం పూసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. లోపలంతా ఆల్ఫా, బీటాల కలనేత, అంచు వెంబడి మాత్రం తెల్లటి పట్టీ. దాన్నే ఆల్ఫా కేస్ అంటారు. వంచితే ముందు పగిలేది ఆ పట్టీయే. అందుకే ఆమ్లంతో కరిగించో, చెక్కో దాన్ని తీసేస్తారు.

ఇక తుప్పు. గాలిలోని ఆక్సిజన్ తగలగానే టైటానియం మీద ఏర్పడే నానోమీటర్ల మందం ఆక్సైడ్ పొరే దాన్ని తుప్పు నుంచి కాపాడుతోంది.

మీ ఇంప్లాంట్ కాగితంలో ఆక్సిజన్ అంకె కనిపిస్తే భయపడకండి. గ్రేడ్ 4 అని రాసి ఆ అంకె 0.40 దాటితే మాత్రం వద్దనండి.