మొదటి బండి కొనేముందు ఒకసారి తోసి చూడండి బాబూ

నిన్న రాత్రి పదకొండింటికి మా మేనల్లుడు ఒక ఫోటో పంపాడు. వాడు ఇంతవరకు గేర్ బండి ముట్టుకోలేదు, స్కూటర్ మీదే నెట్టుకొచ్చాడు, ఫోటోలో ఉన్నదేమో రేసు బండిలాంటి 600 సీసీ సూపర్‌స్పోర్ట్. కింద ఒకటే లైను: "మామా, ఫస్ట్ బండి ఇదే, ఫిక్స్". సీటు ఎత్తెంతో చూశావారా అంటే "అది ఎక్కడ రాసుంటుంది మామా" అన్నాడు. ఇంక నాకు నిద్రేం పడుతుంది, కూర్చుని ఈ సోదంతా టైప్ చేస్తున్నా.

అసలు ఈ సీసీ పిచ్చి ఎవడు అంటించాడో గానీ, కొత్తగా బండి కొనేవాళ్లంతా మొదట అడిగేది అదే. సీసీ అంటే ఇంజిన్ సిలిండర్లన్నిట్లో కలిపి ఎంత చోటుందో చెప్పే లెక్క, అంతే, బండి మన మాట వింటుందా లేదా అన్నది దాన్నిబట్టి తేలదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకోండి, 349 సీసీ, పవర్ 20 హార్స్‌పవర్, బరువు 195 కిలోలు. కేటీఎం వాళ్ల పాత డ్యూక్ 390 చూడండి, 373 సీసీ, పవర్ దాదాపు 43. సీసీలో తేడా పాతిక కూడా లేదు, పవరేమో రెట్టింపు! ఒకటి నింపాదిగా లాక్కెళ్తుంది, ఇంకోటి చెయ్యి కాస్త తిప్పితే చాలు ఎగిరి దూకుతుంది. ఇక మావాడు పంపిన 600 లాంటివి 110, 120 హార్స్‌పవర్ దాకా ఇస్తాయి, మొదటి గేర్‌లోనే గంటకు 100 కిలోమీటర్లు దాటిపోతాయి. అంటే వాడు రెండో గేర్ వెయ్యడం నేర్చుకునేలోపే అయిపోతుంది కథ.

యూరప్‌లో లైసెన్సు మెట్లు కూడా ముఖ్యంగా పవర్ చూసే పెట్టారు. ఏ1లో 125 సీసీ, 11 కిలోవాట్లు దాటకూడదు, తర్వాత మెట్టు ఏ2లో 35 కిలోవాట్లు, అంటే 47 హార్స్‌పవర్, అక్కడ బరువుకీ పవర్‌కీ ఉండాల్సిన నిష్పత్తి కూడా రాసిపెట్టారు. ఆ రూల్ మనకి వర్తించినా వర్తించకపోయినా, 47 అన్న అంకెని మనసులో పెట్టుకుని అందులో సగంతో మొదలుపెడితే ఎవరికీ నష్టం లేదు.

"ఎలాగూ పెద్దది కొంటాం కదా, ఇప్పుడే కొనేస్తే మళ్లీ మార్చే పని ఉండదు" అని ఒక సలహా తిరుగుతుంటుంది చూశారా, నేను మునిగింది దాంతోనే. అప్పట్లో నా దోస్తు ఒకడు ఇదే చెప్పాడు, వాడికి పదేళ్ల అనుభవం, నాకు పది రోజులు కూడా లేదు, ఊ కొట్టేశా. దగ్గర దగ్గర 200 కిలోల బండి తెచ్చుకున్నా. మూడో రోజు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద యూ టర్న్ తిప్పుతున్నా, స్పీడు మనిషి నడిచేంత, హ్యాండిల్ కుడివైపు పూర్తిగా తిరిగి ఉంది, ఎదురుగా ఒక కుక్క లేచి నిలబడింది. అది నా మీదకేం రాలేదు పాపం, ఒట్టినే లేచింది. నేను మాత్రం గాభరాగా ముందు బ్రేక్ గట్టిగా పట్టేశా. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు, అందులోనూ అంత మెల్లగా పోతున్నప్పుడు ముందు బ్రేక్ పట్టేస్తే బండి తిరిగిన వైపుకే ఒరిగిపోతుందని నాకెవరూ చెప్పలేదు. కుడికాలు కింద పెట్టా, మునివేళ్లే ఆనాయి, మడమ గాల్లో ఉంది. 200 కిలోలు ఒకసారి ఒక కోణం దాటి వంగాక ఆ మునివేళ్లు ఏం ఆపుతాయి చెప్పండి. నిదానంగా, ఏదో మంచం మీద పడుకోబెట్టినట్టు పడిపోయింది. బ్రేక్ లివర్ చివర విరిగింది, ట్యాంకు మూత దగ్గర పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది, నేను హ్యాండిల్ పట్టుకుని పైకి లాగుతుంటే నడుం పట్టేసింది. కుక్క మాత్రం మళ్లీ పడుకుంది.

ఎత్తే పద్ధతి ఒకటుందని తర్వాత తెలిసింది. బండి కుడివైపు పడితే ముందు సైడ్ స్టాండ్ వేసెయ్యాలి, లేకపోతే లేపే ఊపులో అటువైపు పడుతుంది. గేర్‌లో ఉంచి, బండికి వీపు పెట్టి, గొంతుకూర్చుని, సీటుకి పిర్రలు ఆనించి, కాళ్ల బలంతో వెనక్కి చిన్న చిన్న అడుగులు వెయ్యాలి. నడుంతో లేపకూడదు.

అందుకే నేను అందరికీ చెప్పేది, షోరూంలో బండెక్కి అద్దంలో చూసుకుని మురిసిపోతే చాలదు. ఇంజిన్ ఆఫ్‌లో పెట్టి, దిగి పక్కన నిలబడి, ఒక పది అడుగులు ముందుకీ వెనక్కీ తోసి, మలుపు తిప్పి చూడండి. అక్కడే ఆయాసం వస్తే ఆ బండి మీది కాదు. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా ఆనితే మంచిది, కనీసం ఒకటన్నా మడమతో సహా ఆనాలి. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు అని కాగితం మీద ఒకటే ఉన్నా, సీటు వెడల్పుగా ఉంటే తొడలు విచ్చుకుని కాలు అందదు, సన్నగా ఉంటే అందుతుంది, కాబట్టి కాగితం నమ్ముకోవద్దు. బరువు కూడా పెట్రోలు, ఆయిలు కలిపి ఎంతో అడగండి, కొందరు అవేవీ లేని బరువు రాసి తేలిక బండి అనిపిస్తారు, 15 లీటర్ల పెట్రోలే 11 కిలోలు ఉంటుంది మరి.

పవర్ గురించి ఇంకో ముక్క. కొత్తవాడి చెయ్యి వాడి మాట వినదు. గుంతలో బండి ఎగిరితే ఒళ్లు వెనక్కి వెళ్తుంది, పడిపోతామేమోనని గ్రిప్ గట్టిగా పట్టుకుంటాం, మణికట్టు కిందికి వంగి యాక్సిలేటర్ ఇంకా తిరుగుతుంది, బండి ఇంకా లాగుతుంది, మనం ఇంకా గట్టిగా పట్టుకుంటాం... ఈ తప్పు చేస్తే చిన్న బండి కాస్త గర్రుమని ఊరుకుంటుంది, పెద్దది గోడకి కొడుతుంది. పైగా స్పీడు రెట్టింపైతే బ్రేక్ వేశాక ఆగే దూరం నాలుగింతలు, అది ఏ బండికైనా తప్పదు.

ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, అది ఉన్న బండే తీసుకోండి, వీలైతే రెండు చక్రాలకీ ఉన్నది, ఎందుకంటే సింగిల్ ఛానెల్ అంటే ముందు చక్రానికి మాత్రమే. 1988లో బీఎండబ్ల్యూ కే100 మీద వచ్చిన సంగతి ఇది, ఇన్నేళ్ల తర్వాత కూడా "ఏబీఎస్ ఎందుకు, మనకి కంట్రోల్ ఉంది" అనేవాళ్లకి దండం.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా మంచిది, ఎలాగూ ఒకసారి పడేస్తారు, కొత్త పెయింట్ గీతలు చూసి ఏడవక్కర్లేదు. చూడ్డానికి వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉందంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవ్వడంలో ఏదో తంటా ఉండి ముందే స్టార్ట్ చేసి ఉంచారేమో అనుకోవాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గీతలెంత లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదైతే దండగే.

నేర్చుకోవడం విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. 1981లో అమెరికాలో హర్ట్ రిపోర్ట్ అని వచ్చింది, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ప్రమాదాల దగ్గరికే వెళ్లి చేసిన పరిశోధన. ప్రమాదంలో ఉన్న రైడర్లలో 92 శాతం సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. సగానికి పైగా మందికి ఆ బండి మీద ఐదు నెలల అనుభవం కూడా లేదు. నా దోస్తు దగ్గర నేర్చుకున్న నేను ఇది చదివి కాసేపు మాట్లాడలేదు.

పొద్దున్న ఇవన్నీ మావాడికి ఫోన్‌లో చెప్పా. "సరే మామా, చిన్నదే చూస్తా, కానీ నలుపు రంగే కావాలి" అన్నాడు. రంగు నీ ఇష్టంరా, ముందు హెల్మెట్ కొందాం, కనుబొమ్మలకి కాస్త పైన తల చుట్టూ టేపు పెట్టి కొలిచి పంపు అన్నా. ఇందాక మెసేజ్ వచ్చింది, టేపు దొరకట్లేదంట, ఛార్జర్ వైరుతో కొలిచి స్కేలు మీద పెట్టాడంట, 71 సెంటీమీటర్లు వచ్చిందంట.