కరెంటు ఆపేయమని చెప్పకండి
అద్దె ఎగ్గొట్టేవాళ్లకు కరెంటు, నీళ్లు ఆపేస్తే దారికొస్తారని ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల కోసం వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. చాలా చోట్ల అది చట్టవిరుద్ధం, బాకీ వాళ్లదే అయినా కేసు మన మెడకు చుట్టుకుంటుంది. నేను కావాలని ఇల్లు అద్దెకిచ్చినదాన్ని కాదు, అమ్మ పోయాక అమ్మేయడానికి మనసొప్పక, తాళం వేసి ఉంచితే పాడైపోతుందని ఇచ్చాను. అద్దెకు దిగినవాళ్లు నాలుగు నెలలు బాగానే కట్టారు, తర్వాత "వచ్చే వారం" అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు. వెళ్లి చూస్తే అమ్మ రోజూ తుడుచుకునే వంటగది గట్టు అంచు పగిలి ఉంది, సింకు కింద నీళ్లు కారి చెక్క తలుపు ఉబ్బిపోయింది. ఏడుపొచ్చింది. అక్కడే గొడవ పెట్టుకునేదాన్నే, లాయరు గారు వద్దని ఆపారు. ఏ నెల బాకీ ఎంతో రాసి నోటీసు పంపారు. రాతపూర్వక అగ్రిమెంటు, అద్దె బ్యాంకులో పడిన వివరాలు ఉండబట్టి కోర్టు దాకా వెళ్లకుండానే వాళ్లు ఖాళీ చేశారు, కానీ నెలల తరబడి టెన్షన్. ఇల్లు ఇచ్చే ముందు ఫొటోలు తీయలేదు, అందుకే ఆ గట్టు వాళ్ల వల్లే పగిలిందని చూపించలేక అడ్వాన్సులోంచి ఆ ఖర్చు పట్టుకోలేకపోయాను. తాళాలు చేతికిచ్చే రోజే గది గదికీ, సింకు కింద కూడా ఫొటోలు తీసి, వాటి మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.